సింగరేణి బాయిల డార్క్ మ్యాటర్ డిటెక్టర్ పెట్టొచ్చా? నలభై ఏండ్లుగ దొరకనిదాని మీద పీహెచ్‌డీ చెయ్యొచ్చా?

తమ్ముడు అడిగినవి రెండు. తను కాకతీయ యూనివర్సిటీల ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నడు, వాళ్ళ బాపు భూపాలపల్లి దిక్కు సింగరేణిల పని చేస్తడు. మొదటిది, నలభై ఏండ్ల సంది ప్రపంచమంత డిటెక్టర్లు పెట్టి వెతికినా ఒక్క డార్క్ మ్యాటర్ (కంటికి కనపడని, గ్రావిటీతోనే జాడ తెలిసే పదార్థం) కణం దొరకలేదు గదా, దీని మీద పీహెచ్‌డీ చేస్తే బతుకు ఆగమైతదా అని. రెండోది, వేరే దేశాలల్ల గనుల లోపల ఈ ప్రయోగాలు పెడుతున్నరు, మన సింగరేణి బాయిలల్ల ఎందుకు పెట్టరు అని.

సీదా జవాబు ముందే చెప్తా. పీహెచ్‌డీ చెయ్యొచ్చు, కానీ కణం దొరుకుతదన్న ఆశ ఒక్కదాన్ని నమ్ముకొని చెయ్యకు, డిటెక్టర్ పని మీద నిజంగ ఇష్టం ఉంటెనే చెయ్యి. సింగరేణి సంగతి అంటవా, పని నడుస్తున్న బొగ్గుబాయిల పెద్ద ప్రయోగం కుదరదు, లోతు తక్కువ అన్నది ఒక కారణమే, దానికంటే పెద్ద కారణాలు మీ బాపును అడిగినా చెప్తడు. చిన్న పని మాత్రం ఒకటి చెయ్యొచ్చు, అది చివర్ల చెప్తా.

నేను చాలా ఏండ్లు జర్మేనియం డిటెక్టర్ల మీద పని చేసిన, అంటే ఇట్లాంటి ప్రయోగాలల్ల వాడే రాగి, సీసం, వైర్లు, బోల్టులు, ప్లాస్టిక్కులు ఎంత రేడియేషన్ ఇస్తయో కొలిచే పని. ఇప్పుడు హన్మకొండల ఉంటున్న. అందుకే నా జవాబు థియరీ కంటే ఎక్కువ ఈ దిక్కు నుంచే ఉంటది.

ముందు అసలు ఏం వెతుకుతున్నరో రెండు ముక్కలల్ల. 1933ల జ్వికీ కోమా క్లస్టర్ల గెలాక్సీల వేగం చూసి కనిపించే పదార్థం సరిపోతలేదన్నడు, 1970లల్ల వీరా రూబిన్ గెలాక్సీలు తిరిగే తీరు చూసి అదే మాట గట్టిగ చూపించింది, తర్వాత ప్లాంక్ ఉపగ్రహం లెక్క ప్రకారం విశ్వంల మనకు తెలిసిన మామూలు పదార్థం 5 శాతం, డార్క్ మ్యాటర్ 27 శాతం దగ్గర. ఇదంత గ్రావిటీ ద్వారా వచ్చిన సాక్ష్యం. అది కణమే అయితే మన గదిల కూడ ఉండాలె. మన గెలాక్సీల సూర్యుడు ఉన్న చోట దాని సాంద్రత ఒక ఘనపు సెంటీమీటర్‌కు 0.3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల బరువును, శక్తిని కొలిచే యూనిట్, ఒక ప్రోటాన్ బరువు దాదాపు ఒకటి) అని అంచనా, ఒక్కో కణం 100 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల బరువుంటదనుకుంటే లీటర్‌కు మూడు కణాలు. నీ ముందున్న నీళ్ళ బాటిల్ల ఎప్పుడు చూసినా మూడు ఉంటయన్న మాట, సెకనుకు రెండు వందల కిలోమీటర్ల పైన వేగంతోని వచ్చి పోతుంటయ్.

ఎప్పుడో ఒక్కసారి అందుల ఒకటి ఒక న్యూక్లియస్‌కు తగులుతది. క్యారమ్స్‌ల స్ట్రైకర్ కాయిన్‌కు తగిలినట్టే, రెండింటి బరువు దగ్గర దగ్గర ఉంటే ఊపు మంచిగ బదిలీ అయితది, తేడా చాలా ఉంటే కొంచెమే పోతది. 100 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల కణానికి జెనాన్ అనే బరువైన గ్యాస్ న్యూక్లియస్ సరిజోడు, అందుకే పెద్ద డిటెక్టర్లు చాలా వరకు చల్లబరిచి ద్రవం చేసిన జెనాన్‌తోని కడుతున్నరు. తేలికైన కణాల కోసమైతే సిలికాన్, హీలియం, లేకుంటే డైరెక్టుగ ఎలక్ట్రాన్లకు తగిలిన దెబ్బ కొలుస్తరు. తగిలినా వచ్చే శక్తి కొన్ని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి కొన్ని పదుల దాకనే. ఈ పద్ధతి 1985ల గుడ్‌మన్, విటెన్ చెప్పిన్రు, 1987కల్లా అమెరికాల హోమ్‌స్టేక్ బంగారు గనిల జర్మేనియం డిటెక్టర్‌తోని మొదటి ఫలితం వచ్చింది. నువ్వన్న నలభై ఏండ్లు అక్కడి సంది.

చాలా మంది డార్క్ మ్యాటర్ మెరుపు కోసం ఎదురుచూసుడే ఈ పని అనుకుంటరు. రోజు వారీగ చేసే పని అది కానే కాదు. నూటికి తొంభై పాళ్ళు పని మన చుట్టూ ఉన్న మామూలు రేడియేషన్‌తోనే. మన ఒంట్ల ఉన్న పొటాషియం-40 వల్లనే సెకనుకు నాలుగు వేల దాక డికేలు (న్యూక్లియస్ మారిపోయి రేడియేషన్ వదులుడు) అయితయ్. నీ అరచేయి చాపితే ఆకాశం నుంచి వచ్చే మ్యూయాన్ అనే కణం సెకనుకు ఒకటి లెక్కన దాంట్ల నుంచి పోతది. అట్లాంటి చోట టన్ను జెనాన్‌ల ఏడాదికి ఒకటి రెండు దెబ్బలు కూడ పడతయో లేదో అన్నదాని కోసం చూడాలె.

మన ఊరి రాయితోనే చెప్తా. వరంగల్, కరీంనగర్ అంత గ్రానైట్ మీద ఉన్న నేల, కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ దేశదేశాలకు పోతది. ఒకసారి మా ఇంట్ల కిచెన్ గట్టు వేయించినప్పుడు మిగిలిన ముక్క తీస్కపోయి కౌంట్ చేసిన. రాయిని పొడి చేసి, డబ్బాల నింపి, గాలి పోకుండ సీల్ చేసి మూడు నాలుగు వారాలు పక్కకు పెట్టాలె, ఎందుకంటే రాయిల రేడియం నుంచి పుట్టే రేడాన్ గ్యాస్ బయటికి పోతే తర్వాత వచ్చే బిస్మత్, సీసం లెక్క తప్పుతది. డిటెక్టర్ అంటే పిడికిలంత జర్మేనియం స్ఫటికం, లిక్విడ్ నైట్రోజన్‌తోని చల్లగ పెడతం, చుట్టూ సీసం ఇటుకలు, ఇటుకల లోపలి దిక్కు రాగి పలక. డబ్బా లోపల పెట్టి మూత వేసి స్క్రీన్ చూస్తుంటే కొన్ని నిమిషాలల్లనే 1460 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సూదిలెక్క ఒక గీత లేస్తది, అది పొటాషియం. జరసేపటికి 2614 దగ్గర ఇంకోటి, థోరియం ఒకదాని తర్వాత ఒకటిగ డికే అయ్యే గొలుసు చివర్ల వచ్చే థాలియం-208ది. 609 దగ్గర ఇంకోటి, యురేనియం గొలుసుల బిస్మత్-214. గ్రానైట్‌ల పొటాషియం ఒక్కటే కిలోకి వెయ్యి బెకరెల్ (సెకనుకు వెయ్యి డికేలు) దాక ఉండుడు మామూలే. దీనికి భయపడి గట్టు తీసేయాల్సిన పని లేదు, మనం పుట్టినప్పటి సంది ఈ రాయి మీదనే బతుకుతున్నం. కానీ డార్క్ మ్యాటర్ డిటెక్టర్ కాడ ఆ ముక్క చిటికెడు పెట్టినా కొలత అంత ఖరాబయితది.

అదే డిటెక్టర్ల మంచి రాగి ముక్క పెడితే వారాల తరబడి నడిపినా గీతలు లేవయ్, ఖాళీ డబ్బాకు దానికి తేడా కనిపియ్యదు. అట్ల కనిపియ్యకపోతేనే ఆ రాగి పాస్. ఈ కొలతల మీద కూర్చున్నప్పుడే నాకు ఈ రంగం అర్థమైంది. సర్క్యూట్ బోర్డుల గ్లాస్ ఫైబర్ పనికిరాదు, దాంట్ల యురేనియం, థోరియం, పొటాషియం మూడూ ఉంటయ్. సిరామిక్ కెపాసిటర్లు అట్లనే. వేలిముద్ర పడితే చెమటల పొటాషియం, అందుకే గ్లౌజులు, ఆసిడ్ వాషులు. కొత్త సీసంల లెడ్-210 ఉంటది, దాని హాఫ్ లైఫ్ (సగం తరిగిపోయే కాలం) 22 ఏండ్లు, అందుకే డిటెక్టర్‌కు దగ్గర ఉండే సీసం వందల ఏండ్ల కింద కరిగించినదైతే మంచిది, సముద్రంల మునిగిన పాత పడవలల్ల దొరికిన రోమన్ల కాలం సీసం కూడ ఇసొంటి ప్రయోగాలకు వాడిన్రు. జర్మేనియం స్ఫటికాన్ని విమానంల పంపరు, పైన కాస్మిక్ కిరణాలు ఎక్కువ, వాటి దెబ్బకు స్ఫటికంలనే కొత్త రేడియోఐసోటోపులు పుడతయ్, ఓడల, లారీల తెస్తరు, వచ్చినంక సాధ్యమైనంత జల్దీ భూమి లోపలికి దింపుతరు.

ఇప్పుడు భూమి లోపలికి ఎందుకు పోవాలె అన్నది. గోడల నుంచి వచ్చే గామా కిరణాలను సీసం పెట్టి ఆపొచ్చు, నీళ్ళ ట్యాంకుల ముంచి ఆపొచ్చు. మ్యూయాన్‌ను మాత్రం రాయి తప్ప ఏదీ ఆపలేదు, అది వందల మీటర్ల రాయి. మ్యూయాన్ రాయిలనో సీసంలనో తగిలి న్యూట్రాన్‌ను బయటికి తంతది, ఆ న్యూట్రాన్ వచ్చి న్యూక్లియస్‌కు తగిలితే అచ్చం డార్క్ మ్యాటర్ తగిలినట్టే ఉంటది. గామాను వేరు చేసే ఉపాయాలున్నయ్. జెనాన్‌ల అయితే ప్రతి దెబ్బకు ముందు ఒక మెరుపు, తర్వాత ఎలక్ట్రాన్లు పైకి పోయినంక ఇంకో మెరుపు వస్తయ్, రెండింటి నిష్పత్తి చూస్తే తగిలింది ఎలక్ట్రాన్‌కా న్యూక్లియస్‌కా అన్నది తెలుస్తది. న్యూట్రాన్ దగ్గర ఈ ఉపాయం పనిచెయ్యదు, అది తగిలేది కూడ న్యూక్లియస్‌కే. రెండు చోట్ల తగిలితేనో, బయటి ట్యాంకుల దొరికితేనో పట్టుకోవాలె. అందుకే ఇటలీల గ్రాన్ సాస్సో ల్యాబ్ మీద 1400 మీటర్ల కొండ ఉంది, అక్కడ చదరపు మీటర్‌కు గంటకు ఒక్క మ్యూయాన్ వస్తది, పైన నేల మీద వచ్చేదాంట్ల పది లక్షలవ వంతు. కెనడాల స్నోల్యాబ్ నికెల్ గనిల రెండు కిలోమీటర్ల లోతు, చైనాల జిన్‌పింగ్ మీద 2400 మీటర్లు.

మన దేశంల ఈ పని కొత్త కాదు. 1965ల కోలార్ బంగారు గనిల 2.3 కిలోమీటర్ల లోతుల కాస్మిక్ కిరణాల వల్ల గాలిల పుట్టే న్యూట్రినోలను (దేన్నైనా దాటిపోయే, చాలా అరుదుగ తగిలే కణాలు) మొదటిసారి పట్టుకున్నోళ్ళల్ల మనోళ్ళున్నరు, టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హమ్ వాళ్ళు కలిసి చేసిన ప్రయోగం. ఆ గని 2001ల మూతపడ్డది, పంపులు బంద్ అయితే లోపల నీళ్ళు నిండుతయ్, ప్రయోగం ముచ్చట అక్కడికే ఖతం. ఇప్పుడు జార్ఖండ్‌ల జాదూగూడ యురేనియం గనిల 555 మీటర్ల లోతుల కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ల్యాబ్ ఉంది, అక్కడ ఇన్‌డెక్స్ పేరుతోని డార్క్ మ్యాటర్ కోసమే వెతుకుతున్నరు. యురేనియం గనిల రేడియేషన్ తక్కువ కావాల్సిన ప్రయోగమేంది అని చాలా మంది అడుగుతరు. పైన చెప్పిందే జవాబు, గోడ నుంచి వచ్చేదాన్ని షీల్డింగ్‌తోని ఆపుకోవచ్చు, లోతును మాత్రం గనినే ఇయ్యాలె. వాళ్ళు వాడే సూపర్‌హీటెడ్ ద్రవం చుక్కలను సరైన టెంపరేచర్ల ఉంచితే గామాకు పట్టించుకోవు, న్యూక్లియస్‌కు గట్టి దెబ్బ తగిలితేనే బుడగ అయితయ్.

మరి సింగరేణి? చాలా బాయిలు కొన్ని వందల మీటర్లే. మూడు నాలుగు వందల మీటర్ల కింద మ్యూయాన్లు వెయ్యి రెట్ల లెక్కల తగ్గుతయ్, పెద్ద ప్రయోగానికి అది సాలదు, చిన్నదానికి తక్కువేం కాదు. అసలు ఇబ్బంది వేరే. గోదావరి లోయ అంత ఇసుకరాయి, షేల్, బొగ్గు పొరలు, బంగారు గని, నికెల్ గని లెక్క గట్టి రాయి కాదు. బొగ్గుబాయి కట్టిందే కొన్నేండ్లు వాడి విడిచిపెట్టనీకి, పిల్లర్లు తీసినంక రూఫ్ కూలాలనే ప్లాన్ చేస్తరు. డార్క్ మ్యాటర్ ప్రయోగానికి పది పదిహేనేండ్లు కదలకుండ నిలబడే పెద్ద గుహ కావాలె. ఇంకోటి మీథేన్. బొగ్గుబాయిల గ్యాస్ ఉండే చోట్లకు తీస్కపోయే కరెంటు సామాన్ ఫ్లేమ్‌ప్రూఫ్ ఉండాలె, చిన్న నిప్పురవ్వ కూడ రావద్దు. మన డిటెక్టర్ల మెరుపును పట్టే సెన్సర్ ఫొటోమల్టిప్లయర్‌కు వెయ్యిన్నర వోల్టుల దాక, జెనాన్ ట్యాంకుల ఫీల్డ్ కోసం వేల వోల్టులు పెడతం. దానికి తోడు లిక్విడ్ నైట్రోజన్ ఆవిరైతే ఆ చోటుల ఆక్సిజన్ తగ్గుతది, ఇరుకు గ్యాలరీల అది ప్రాణం మీదికి వస్తది. ఎవ్వరూ పర్మిషన్ ఇయ్యరు, ఇయ్యొద్దు కూడ. పని నడుస్తున్న గనిల అసలే పెట్టరని కాదు, ఇంగ్లండ్‌ల బౌల్బీ గని నడుస్తున్నదే, 1100 మీటర్ల లోతు, అక్కడ ఏండ్ల సంది డార్క్ మ్యాటర్ ల్యాబ్ ఉంది, కానీ ఆ ల్యాబ్ చుట్టూ ఉన్నది ఉప్పు పొర, ఉప్పుల యురేనియం, థోరియం చాలా తక్కువ.

ఇగ నలభై ఏండ్ల సంగతి. ఏం దొరకలేదు అంటే ఏం కాలేదు అని కాదు తమ్ముడూ. 1987ల మొదటి ప్రయోగమే డార్క్ మ్యాటర్ అంటే ఒక బరువైన న్యూట్రినో అయి ఉంటదన్న ఐడియాను చాలా వరకు కొట్టేసింది. 2000 ప్రాంతంల మంచి ప్రయోగం 10⁻⁴² చదరపు సెంటీమీటర్ల లెక్కల ఉన్న ఢీకొనే అవకాశాన్ని (ఈ నంబర్ ఎంత చిన్నదైతే అంత అరుదైన దెబ్బను పట్టగలిగినట్టు) చూడగలిగేది, 2024ల ఎల్‌జెడ్ ప్రయోగం 40 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల కణానికి 2.2×10⁻⁴⁸ దాక పోయింది. ఇరవై ఐదేండ్లల్ల నాలుగు లక్షల రెట్ల పైన మెరుగైంది. ఆ ఎల్‌జెడ్ ఉన్నది కూడ మొదటి ప్రయోగం జరిగిన హోమ్‌స్టేక్ గనిలనే, కిలోమీటరున్నర దగ్గర లోతుల, పది టన్నుల జెనాన్‌తోని.

మధ్యల దొరికింది దొరికింది అని వార్తలు వచ్చినయ్, అవి ఎట్ల తేలినయో చూస్తేనే ఈ రంగం మీద గౌరవం పెరుగుతది. ఇటలీల డామా ప్రయోగం వాళ్ళు 1990ల చివర్ల మొదలుపెట్టి సోడియం అయొడైడ్ స్ఫటికాలతోని ఏండ్ల తరబడి కొలిచి, ఏడాదిల జూన్ మొదట్ల సిగ్నల్ ఎక్కువ, డిసెంబర్ల తక్కువ అని చెప్పిన్రు. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దిక్కు జూన్‌ల సూర్యుని ప్రయాణం దిక్కు కలుస్తది కాబట్టి డార్క్ మ్యాటర్ అయితే అట్లనే రావాలె. కానీ ఎండాకాలం వానాకాలంతోని మారేవి ఇంకా మస్తు ఉంటయ్, టెంపరేచర్, రేడాన్, ఆఖరికి మ్యూయాన్లు కూడ ఎండాకాలం ఎక్కువ వస్తయ్, పైన గాలి వేడెక్కి పలచబడుతది కాబట్టి. అందుకే అదే సోడియం అయొడైడ్‌తోని స్పెయిన్‌ల అనాయిస్, కొరియాల కోసైన్ పెట్టి చూసిన్రు, వాళ్ళకు ఆ తేడా కనిపియ్యలేదు. 2020ల జెనాన్1టి ప్రయోగం వాళ్ళు తక్కువ శక్తి దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువ దెబ్బలు చూసిన్రు, ట్రిటియం (రేడియేషన్ ఇచ్చే హైడ్రోజన్) అయి ఉండొచ్చని పేపర్లనే రాసిన్రు, రెండేండ్లకు ఇంకా శుభ్రమైన జెనాన్ఎన్‌టి పెడితే అది మాయమైంది. ఎవ్వరూ దాచలేదు, కొట్లాడలేదు, ఇంకా మంచి డిటెక్టర్ కట్టి తేల్చుకున్నరు.

మనం కావాలనుకున్నదే మనకు కనిపిస్తదన్న భయం కూడ వీళ్ళకు ఉంటది. అందుకే ఎల్‌జెడ్‌ల, దానికి ముందటి లక్స్ ప్రయోగంల డేటాల కొన్ని దొంగ సిగ్నళ్ళు ముందే కలిపి పెడతరు, ఏది దొంగదో విశ్లేషణ చేసెటోళ్ళకు తెల్వదు, ఏ దెబ్బను ఉంచాలె, ఏది తీసేయాలె అన్న రూల్స్ (కట్స్) అన్నీ ఫైనల్ చేసినంకనే బయటపెడతరు. నీ లెక్క నిజాయితీగ ఉందా లేదా అన్నది అప్పుడు తేలుతది. స్టూడెంట్‌గ ఈ ఒక్క అలవాటు పట్టుకున్నా చాలా దూరం పోతవ్.

వెతుకుతుంటే వేరేవి దొరికినయ్. జెనాన్-124 రెండు ఎలక్ట్రాన్లను ఒకేసారి మింగి డికే అయ్యేది 2019ల జెనాన్1టి వాళ్ళు కొలిచిన్రు, హాఫ్ లైఫ్ 1.8×10²² ఏండ్లు, విశ్వం వయసుకు లక్ష కోట్ల రెట్లు. 2024ల సూర్యుని నుంచి వచ్చే బోరాన్-8 న్యూట్రినోలు జెనాన్ న్యూక్లియస్‌లకు తగిలిన జాడలు జెనాన్ఎన్‌టి, పాండాఎక్స్-4టి రెండింటిల కనిపించినయ్. ఇక్కడే ముందున్న కష్టం కూడ ఉంది. ఆ న్యూట్రినోలకు షీల్డింగ్ లేదు, ఎంత లోతుకు పోయినా వస్తయ్, ఇంకా పెద్ద డిటెక్టర్ కడితే అవే నిండిపోతయ్. బరువైన కణాల వెతుకులాటకు ఒక హద్దు దగ్గరపడుతుంది, నువ్వు పీహెచ్‌డీ ముగించే నాటికి రంగం తేలికైన కణాల దిక్కు, యాక్సియాన్ అనే చాలా చాలా తేలికైన ఊహా కణం దిక్కు ఎక్కువ జరిగి ఉంటది. యాక్సియాన్ అయితే మొత్తం వేరే పని, గట్టి అయస్కాంతంల లోహపు డబ్బా పెట్టి రేడియో ట్యూన్ చేసినట్టు ఫ్రీక్వెన్సీ మార్చుకుంట పోతరు, అమెరికాల ఏడీఎమ్‌ఎక్స్ అట్లాంటిదే. దాని మీద నా అనుభవం తక్కువ.

బతుకు సంగతి అడిగినవ్ కాబట్టి ఖుల్లగ చెప్తా. ఈ పీహెచ్‌డీల వాక్యూమ్, క్రయోజెనిక్స్, తక్కువ నాయిస్ ఎలక్ట్రానిక్స్, గామా స్పెక్ట్రోస్కోపీ, స్టాటిస్టిక్స్ వస్తయ్, ఇవి న్యూక్లియర్ మెడిసిన్‌ల, అణు విద్యుత్తుల, డేటా ఉద్యోగాలల్ల పనికొస్తయ్. మన హైదరాబాద్‌లనే ఈసీఐఎల్ రేడియేషన్ పరికరాలు తయారు చేస్తది, బేగంపేటల అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ వాళ్ళు రాళ్ళల్ల యురేనియం, థోరియం కొలుస్తరు. చేరాలనుకుంటే కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్, భువనేశ్వర్‌ల ఉన్న నైసర్ ఇన్‌స్టిట్యూట్ చూడు, నైసర్ వాళ్ళు స్నోల్యాబ్‌ల సూపర్‌సీడీఎమ్‌ఎస్ డార్క్ మ్యాటర్ ప్రయోగంల భాగస్వాములు. ఇంటర్వ్యూకు పోయినప్పుడు గైడ్‌ను ఒక్కటి అడుగు, స్టూడెంట్ చేతులు హార్డ్‌వేర్ మీద పడతయా లేకుంటే అయిదేండ్లు కంప్యూటర్ ముందట కూర్చోవాల్నా అని. నన్నడిగితే రెండూ కావాలె, ఒక్క స్క్రూ బిగించకుండ బ్యాక్‌గ్రౌండ్ మీద థీసిస్ రాస్తే ఆ నంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో నీకే తెల్వదు.

ముందుగాల చెప్తానన్న చిన్న పని. జెనాన్ డిటెక్టర్లకు ఇప్పుడు పెద్ద తలనొప్పి రేడానే, అది గోడల నుంచి, పైపుల నుంచి ఊరుకుంట వచ్చి జెనాన్‌ల కలుస్తది. నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు రేడాన్ కొలత పెట్టుకో. సీఆర్-39 అని ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క ఉంటది, దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఆల్ఫా కణం తగిలిన చోట కంటికి కనపడని గాయం పడతది. మూడు నెలలు వేలాడదీసి తెచ్చి, వేడి సోడియం హైడ్రాక్సైడ్‌ల కొన్ని గంటలు పెడితే ఆ గాయాలు గుంటలు అయితయ్, మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టుడే. కరెంటు లేదు కాబట్టి బాయిల నిప్పురవ్వ భయం లేదు, అయినా మేనేజర్ రాతపూర్వక పర్మిషన్, వెంటిలేషన్ ఆఫీసర్ ఒప్పుకోలు లేకుండ ఒక్క ముక్క కూడ లోపలికి పోవద్దు, మీ బాపు మీద భారం వేయకు, డిపార్ట్‌మెంట్ లెటర్‌తోని పో. కొన్ని భూపాలపల్లిల ఇసుకరాయి పొరలల్ల ఉన్న బాయిల పెట్టు, కొన్ని హన్మకొండ గ్రానైట్ మీద ఉన్న ఇంటి కింది గదుల పెట్టు, గాలి ఆడే చోట ఒకటి, ఆడని చోట ఒకటి. బాయిల పెద్ద ఫ్యాన్లు గాలి తిప్పుతుంటయ్ కాబట్టి మూసి ఉన్న గది కంటే అక్కడ తక్కువ వచ్చినా ఆశ్చర్యపోకు, ఎందుకు తక్కువొచ్చిందో వెంటిలేషన్ లెక్కతోని చూపించు. కాలిబ్రేషన్ (ఎంత రేడాన్ ఉందో ముందే తెలిసిన చోట పెట్టి గుంటల లెక్క సరిచూసుడు) లేకుండ గుంటల లెక్క ఇస్తే ఎవ్వరూ ఒప్పుకోరు, కాబట్టి దానికి ముందే ఒక ల్యాబ్‌తోని మాట్లాడుకో. గైడ్ సరే అంటే కింద రాసి చెప్పు, ఎచింగ్‌కు (గాయాలను గుంటలు చేసేందుకు) ద్రావణం ఎంత గాఢత, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు అన్నది వివరంగ చెప్తా.